పాస్‌పుస్తకం దాకా వచ్చిన సాయం



2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. శార్వరి నామ సంవత్సరం. దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది కూడా ఆ రోజునే. కర్నూలు, కడప పల్లెల్లో ఉగాదంటే పచ్చడి, పంచాంగ శ్రవణమే కాదు, సేద్యానికి కొత్త లెక్క మొదలయ్యే రోజు కూడా. ఎవరి చేను ఎవరు గుత్తకు, అంటే కౌలుకు, చేస్తారు, ఎకరాకు ఎంత ఇస్తారు, పాత బాకీ ఎంత నిలిచింది అన్న మాటలన్నీ ఆ పండగకు అటూ ఇటూగానే తేలుతాయి. ఆ ఏడూ అట్లాగే తేలాయి. కాగితం లేకుండా, నోటిమాట మీదనే తేలాయి. కరోనా కాలంలో ప్రభుత్వాలు రైతులకు పంపిన డబ్బు ఎవరికి చేరింది, ఎవరికి చేరలేదు అన్నది చాలావరకు ఆ నోటిమాట దగ్గరే నిర్ణయమైపోయింది. ఈ రోజు ఆ సంగతే మీతో పంచుకుంటాను.

ముందు ఆ నెలలో మన చేలల్లో ఏముందో గుర్తు చేసుకుందాం. కోవెలకుంట్ల, జమ్మలమడుగు నల్లరేగళ్లలో శనగ కోత అయిపోయింది. గింజలు ఇళ్లకూ గోడౌన్లకూ చేరాయి. మంచి ధర వస్తే అమ్ముదామని రైతులు ఆగి ఉన్నారు. పులివెందుల, లింగాల వైపు అరటి గెలలు కోతకు వచ్చాయి. చీనీ తోటల్లో కాయ దింపాల్సిన సమయం. దువ్వూరు, మైదుకూరు వైపు పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబోసి పెట్టుకున్నారు. బోర్ల కింద టమోటా, ఉల్లి, కర్బూజా ఉన్నాయి. పంట చేతికొచ్చింది గానీ తీసుకుపోవడానికి లారీ లేదు. లారీ దొరికితే దించడానికి హమాలీ లేడు. హమాలీ వచ్చినా యార్డు గేటు మూసి ఉంది. కరువంటే వాన రాకపోవడమే అని తరతరాలుగా ఎరిగిన సీమకు ఆ ఏడు నష్టం ఆకాశం నుంచి రాలేదు, రోడ్డు మీద నుంచి వచ్చింది.

వ్యవసాయ పనులకు, మార్కెట్ యార్డులకు, కోత యంత్రాల రాకపోకలకు మినహాయింపు ఇస్తూ కేంద్ర హోంశాఖ మార్చి 27నే ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వుతో దారులు తెరుచుకున్నట్టే కనిపించింది. అయితే ఏప్రిల్ నెలాఖరుకు రాష్ట్రంలో అన్నిటికన్నా ఎక్కువ కేసులున్న జిల్లా కర్నూలే. జిల్లా కేంద్రంలో వీధులకు వీధులే కంచెల మధ్య ఉన్నప్పుడు ఉల్లి బస్తాలు ఎక్కడికి తోలుతారు? కోసిగి, కౌతాళం, మంత్రాలయం మండలాల నుంచి సుగ్గికని గుంటూరు మిరప కోతలకు పోయిన కుటుంబాలు అక్కడే చిక్కుకుపోయాయి. వాళ్లలో చాలామంది ఒట్టి కూలీలు కారు. సొంతూళ్లో ఎకరమో రెండెకరాలో సేద్యం ఉండి, అది తిండికి చాలక వలస పోయిన రైతులు. 

ఇక డబ్బు సంగతి.

మార్చి 26న, లాక్‌డౌన్ మొదలైన మరుసటి రోజు, కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ 1.70 లక్షల కోట్ల రూపాయలతో గరీబ్ కల్యాణ్ ప్యాకేజీ ప్రకటించారు. అందులో రైతులకు చెప్పింది ఇది: పీఎం కిసాన్ పథకంలో ఏడాదికి మూడు విడతలుగా వచ్చే 6,000 రూపాయల్లో మొదటి 2,000 ఏప్రిల్ మొదట్లోనే ఖాతాల్లో వేస్తాం, దేశంలో 8.7 కోట్ల మంది రైతులకు ఇది అందుతుంది అని. మన రాష్ట్రంలో అప్పటికే వైఎస్సార్ రైతు భరోసా నడుస్తోంది. 2019 అక్టోబరు 15న నెల్లూరు జిల్లా కాకుటూరులో అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి ప్రారంభించిన పథకం అది. కేంద్రం ఇచ్చే 6,000కు రాష్ట్రం 7,500 కలిపి ఏడాదికి 13,500. 2020 మే 15న రాష్ట్రం తన వంతుగా 5,500 వేసింది. సుమారు 49 లక్షల రైతు కుటుంబాలకు అది చేరింది. ఏప్రిల్‌లో వచ్చిన 2,000తో కలిపితే ఒక్కో కుటుంబానికి 7,500. మిగతాది అక్టోబరులో, సంక్రాంతి రోజుల్లో అని ఏర్పాటు.

ఈ డబ్బు విలువను నేను తక్కువ చేయను. ఏరువాకకు ముందు, విత్తనం కొనాల్సిన వేళ, వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా 7,500 చేతిలో ఉండటం చిన్న సంగతి కాదు. దాన్ని పాత బాకీ కింద జమ చేసుకోవద్దని ప్రభుత్వం బ్యాంకులకు చెప్పింది. మధ్యలో ఎవరి చేయీ తడపాల్సిన పని లేకుండా డబ్బు నేరుగా ఖాతాలో పడింది. వేలిముద్ర వేసి గ్రామీణ బ్యాంకులోనో, ఊళ్లోకి వచ్చే బ్యాంకు మిత్ర దగ్గరో తీసుకోవడమే. సీమ రైతుకు ప్రభుత్వ సాయం అనుభవం కొత్త కాదు. సాయం సమయానికి రావడం కొత్త.

అయినా ఒక మాట సూటిగా చెప్పుకోవాలి. ఇది కరోనా కోసం కొత్తగా ఇచ్చిన డబ్బు కాదు. ఏప్రిల్ నుంచి జులై లోగా ఎట్లాగూ రావాల్సిన విడతను ఏప్రిల్ మొదట్లోనే ఇచ్చారు. రైతు భరోసా కూడా ముందే ఉన్న వాగ్దానం. రావాల్సింది తొందరగా వచ్చింది, అంతే. రైతు పోగొట్టుకున్నది ఎంతో కొలిచి, దానికి తగ్గట్టు ఇచ్చిన సాయం కాదది.

ఎంత పోగొట్టుకున్నాడో కొలవడం కష్టమేమీ కాదు. ఎకరాకు అరవై క్వింటాళ్ల ఉల్లి పండిందనుకోండి. అంటే ఆరు వేల కిలోలు. కిలోకు ఒక్క రూపాయి ధర తగ్గితే ఆరు వేల రూపాయలు పోయాయి. ఏడాది మొత్తానికి కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ అంతా, ఒక్క ఎకరంలో, ఒక్క రూపాయి తేడాలో కరిగిపోయింది. ఆ వేసవిలో ధర ఒక్క రూపాయే తగ్గిందా? టమోటా రైతునో అరటి రైతునో అడిగితే చెబుతారు. కొన్ని రోజులు ధర అన్న మాటే లేదు, కొనేవాడే లేడు. రాష్ట్ర మార్కెటింగ్ శాఖ అరటి, చీనీ, టమోటా కొంత కొని రైతుబజార్లకు పంపింది. ఆ ఏడు అక్టోబరులో కేంద్రం మద్దతు ధర లేని పంటలకు రాష్ట్రం సొంతంగా ధరలు ప్రకటించింది. క్వింటాలు ఉల్లికి 770, అరటికి 800, చీనీకి 1,400, పసుపుకు 6,850. ఈ ధరల జాబితా ఆ కాలంలో జరిగిన మంచి పనుల్లో ఒకటని నా నమ్మకం. ఖాతాలో వేసే డబ్బు కంటే యార్డులో నిలబడే ధర ఉల్లి రైతుకు ఎక్కువ మేలు చేస్తుంది.

ఇంతకంటే పెద్ద ప్రశ్న వేరే ఉంది. డబ్బు ఎంత అన్నది అట్లా ఉంచి, అది ఎవరి పేరున వచ్చింది?

పీఎం కిసాన్ నిబంధన స్పష్టంగా ఉంది. భూమి రికార్డులో ఎవరి పేరు ఉంటే వారికే. అది కూడా 2019 ఫిబ్రవరి 1 నాటికి ఉన్న రికార్డు ప్రకారం. గుత్తకు చేసేవాడికి, పంటలో భాగమిచ్చే కోరుకు చేసేవాడికి ఆ పథకంలో చోటే లేదు. రాష్ట్రం ఒక అడుగు ముందుకు వేసింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులకు, దేవాదాయ భూములు సాగు చేసేవారికి, అటవీ హక్కు పత్రాలున్నవారికి మొత్తం 13,500 తానే ఇస్తానంది. మంచి మాటే. అయితే ఆ కౌలు రైతు చేతిలో పంట సాగుదారు హక్కు పత్రం ఉండాలి. 2019 చట్టం కింద ఇచ్చే ఆ కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి. ఇక అగ్రవర్ణాల్లో పుట్టిన కౌలు రైతుకు, ఎంత పేదవాడైనా, ఆ డబ్బు దక్కలేదు.

గ్రామ సచివాలయాల దగ్గర ఆ రోజుల్లో తరచూ జరిగిన సంభాషణ ఇట్లా ఉండేది.

"అన్నా, మాకు రైతు భరోసా పడలేదే. నాలుగేండ్ల సంది ఆ చేను నేనే చేస్తాండా."

"చేను నువ్వే చేస్తాండావని ఊరందరికీ తెలుసప్పా. పాస్‌పుస్తకం నీ పేరున లేదు గదా. ఆయనతో సంతకం పెట్టించుకోని రాపో."

"ఆయన పెట్టడన్నా."

అక్కడితో మాట ఆగిపోతుంది.

2019లో జాతీయ నమూనా సర్వే వ్యవసాయ కుటుంబాల స్థితిగతులను లెక్కించినప్పుడు, మన రాష్ట్రంలో నూటికి నలభైకి పైగా కమతాల్లో కౌలు సేద్యం ఉందని తేలింది. దేశం సగటుకు అది రెండింతలకు పైమాటే. కేసీ కాలువ కింద నంద్యాల నుంచి ప్రొద్దుటూరు దాకా వరి, పసుపు, అరటి వేసే చేలల్లోనూ, నల్లరేగడి శనగ చేలల్లోనూ గుత్త సేద్యం ఎంతగా ఉందో మీకు నేను చెప్పనక్కర్లేదు. యజమాని హైదరాబాదులోనో, బెంగళూరులోనో, కువైట్‌లోనో ఉంటాడు. లేదా అదే ఊళ్లో ఉండి, కాళ్లలో శక్తి లేక భూమిని మరొకరికి అప్పగిస్తాడు. విత్తనం, ఎరువు, మందు, కూలి, ట్రాక్టరు బాడుగ, అన్నీ గుత్తదారుడివే. చాలా చోట్ల గుత్త డబ్బు ముందే కట్టాలి. పంట పోతే పోయేది అతనిదే. ధర పడితే పడేది అతని మీదే. 2020 వేసవిలో యార్డు గేటు మూసినప్పుడు ఆ నష్టం మొత్తం అతని ఇంటి మీద పడింది. రైతు పేరిట వచ్చిన డబ్బు మాత్రం యజమాని ఖాతాలో పడింది.

అతన్ని ప్రభుత్వం పూర్తిగా మరచిపోయిందా అంటే, లేదు. న్యాయంగా చెప్పుకోవాలి. మార్చి 29 నుంచి ఉచిత రేషన్ బియ్యం ఇచ్చారు. ఏప్రిల్ 4న వాలంటీర్లు ఇంటింటికీ వచ్చి బియ్యం కార్డుకు వెయ్యి రూపాయలు చేతిలో పెట్టారు. ఇంట్లో ఆడమనిషికి జన్ ధన్ ఖాతా ఉంటే నెలకు 500 చొప్పున మూడు నెలలు వచ్చింది. ఉపాధి హామీ కింద కరువు పనికి రోజు కూలి రాష్ట్రంలో 211 నుంచి 237కు పెరిగింది. ఇవన్నీ గుత్తదారుడి ఇంటికీ వచ్చాయి. ఆ ఇల్లు పస్తు పడుకోలేదు. కానీ గమనించండి: అతనికి అందినదంతా పేదవాడిగా అందింది, కూలివాడిగా అందింది. కార్డు లేని అతనికి రైతుగా ఏమీ అందలేదు. ఇరవై ఎకరాల శనగ వేసి, దుకాణంలో లక్షల అప్పు ఉన్నవాడిని నువ్వు రైతువు కావు, వచ్చి మట్టి తట్ట మోయమన్నట్టే అయింది.

ఈ విభజన నిన్న మొన్నటిది కాదు. దీని మూలం మన జిల్లాల చరిత్రలోనే ఉంది. 1876 నుంచి 1878 దాకా వచ్చిన ధాత కరువు గురించి పెద్దలు చెప్పగా వినే ఉంటారు. ఆ కరువు దెబ్బ మద్రాసు రాష్ట్రంలో అత్యంత ఘోరంగా తగిలిన జిల్లాల్లో కర్నూలు, కడప, బళ్లారి ఉన్నాయి. 1871 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లాలో తొమ్మిది లక్షల పైచిలుకు జనం. 1881 నాటికి ఏడు లక్షలు కూడా లేరు. పావు వంతుకు మించి మనుషులు లేకుండాపోయారు. కరువు పనుల్లో మగవాడికి రోజుకు ఒక పౌను గింజలు, ఒక అణా చాలునని, కరువు పర్యవేక్షణకు బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ ఖాయం చేశాడు. ఆ తిండితో మనిషి బతకడని మద్రాసు ప్రభుత్వంలోనే ఉన్న డాక్టర్ కార్నిష్ పోరాడాడు. ఆ చావుల తర్వాతే 1880లో కరువు కమిషన్ నివేదిక, ఆపైన కరువు నిబంధనావళి వచ్చాయి. అందులో ఏర్పాటు ఏమిటంటే, భూమి పట్టా ఉన్నవాడికి శిస్తు మాఫీ, తక్కావీ రుణం. ఒంట్లో సత్తువ ఉన్న మిగతా జనానికి రోడ్డు పని, చెరువు పని. ఏ శక్తీ లేనివారికి ధర్మంగా గంజి. పట్టా లేకుండా సేద్యం చేసేవాడు ఈ మూడింటిలో ఎక్కడికి పోవాలి? కూలీల వరసలోకే. దాదాపు నూటనలభై ఏళ్ల తర్వాత, ఆధార్ కార్డులు, సెల్‌ఫోన్లు వచ్చాక కూడా, మన పథకాలు అదే గీత మీద నడిచాయి. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

మరి వేరే పద్ధతి సాధ్యమేనా? సాధ్యమే. పక్కనే ఒడిశా ప్రభుత్వం 2018 డిసెంబరులో ప్రకటించిన కాలియా పథకంలో భాగానికి సాగు చేసేవారినీ, భూమి లేని వ్యవసాయ కుటుంబాలనూ కలుపుకుంది. సముద్రాల అవతల అమెరికాలో 2020 వసంతంలో రైతులకు 1,600 కోట్ల డాలర్ల నగదు సాయం ప్రకటించారు. అక్కడ వాళ్లు అడిగినవి రెండు ప్రశ్నలు. జనవరి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా నీ పంట ధర ఎంత పడింది? ఆ పంటలో లాభనష్టాల వాటా నీదేనా? భూమి ఎవరి పేరున ఉందన్నది కాదు, పంట మీద నష్టం ఎవరు మోస్తున్నారన్నది చూశారు. కౌలుకు చేసేవాడికీ అందులో చోటు దొరికింది. ఆ పథకంలో లోపాలు లేవని కాదు. నష్టాన్ని బట్టి సాయం కాబట్టి పెద్ద రైతులే పెద్ద మొత్తాలు తీసుకుపోయారు. ఒకరికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పరిమితి పెట్టారంటేనే ఊహించుకోవచ్చు. మనకు ఆ అంకెలు వద్దు, ఆ రెండో ప్రశ్న చాలు.

ఆ ప్రశ్నకు జవాబు మన దగ్గర ముందే ఉంది. ప్రతి సీజన్‌లో గ్రామ వ్యవసాయ సహాయకులు చేను దగ్గరికి వచ్చి, ఫోటో తీసి, ఏ సర్వే నంబరులో ఏ పంట, ఎవరు వేశారు అని ఈ-క్రాప్‌లో నమోదు చేస్తారు. సాగు చేసేవాడి వేలిముద్ర తీసుకుంటారు. పంట బీమాకు, పంట నష్టం వస్తే ఇచ్చే ఇన్‌పుట్ సబ్సిడీకి, మద్దతు ధరకు కొనడానికి ఆ నమోదే ఆధారం. నష్టం వచ్చిన పంట ఎవరిదో ప్రభుత్వానికి తెలియకపోవడం కాదు. తెలుసు. పెట్టుబడి సాయం ఇచ్చేటప్పుడు మాత్రం ఆ పుస్తకం మూసి, పాస్‌పుస్తకం తెరుస్తున్నారు.

యజమానులు ఎందుకు సంతకం పెట్టరు అన్నది కూడా ఆలోచించాలి. వాళ్లందరూ చెడ్డవాళ్లు కారు. పేరు ఒకసారి కాగితం మీదికి ఎక్కితే భూమి చేజారుతుందన్న భయం తాతల నాటిది. కౌలు చట్టాలు, రక్షిత కౌలుదారు హక్కుల వివాదాలు చూసిన తరం నుంచి వచ్చిన భయం అది. రెండోది బ్యాంకు. ఆ సర్వే నంబరు మీద పంట రుణం యజమాని ముందే తీసుకుని ఉంటాడు. కౌలు కార్డు పుడితే, అదే భూమి మీద ఇద్దరికి అప్పు ఎట్లా ఇస్తామని బ్యాంకు అడుగుతుంది. 2011లో వచ్చిన సాగుదారు చట్టం కింద రుణ అర్హత కార్డు ఇవ్వడానికి యజమాని ఒప్పుకోలు అక్కర్లేకపోయింది. కార్డులైతే వచ్చాయి గానీ బ్యాంకులో అప్పు పుట్టడం కష్టమైంది. యజమాని భయం తీర్చాలని 2019 చట్టం అతని సంతకాన్ని తప్పనిసరి చేసింది, ఇప్పుడు సంతకం దగ్గరే బండి ఆగిపోయింది.

పాస్‌పుస్తకం వల్ల నష్టపోయింది గుత్తదారుడొక్కడే కాదు. తండ్రి చనిపోయి పదేళ్లయినా అన్నదమ్ముల మధ్య భాగాలు తేలక, భూమి ఇంకా ఆయన పేరునే ఉన్న ఇళ్లు ఎన్ని లేవు? భర్త పోయాక చేను తానే నడుపుతున్న ఆడమనిషి, మ్యుటేషన్ కోసం తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. పాత రికార్డులో యజమాని పేరుకు బదులు చుక్కలున్న ‘చుక్కల భూముల’ చిక్కులో పడినవారి సంగతి వేరే చెప్పాలి. వీళ్లందరికీ పొలం ఉంది, పంట ఉంది, అప్పు ఉంది. ఆన్‌లైన్ భూరికార్డు వెబ్‌ల్యాండ్‌లో పేరు లేదు.

2025 ఆగస్టు 2న అన్నదాత సుఖీభవ పేరుతో కొత్త పథకం మొదలైంది. కేంద్రం ఆరు వేలతో కలిపి ఏడాదికి 20,000. ప్రభుత్వం మారింది, పేరు మారింది, మొత్తం పెరిగింది. పీఎం కిసాన్ నిబంధన మాత్రం అక్కడే ఉంది, కౌలు రైతుకు కార్డు అవసరమూ అట్లాగే ఉంది. మొత్తం పెరిగే కొద్దీ, భూమి ఉండి సాగు చేయనివాడికీ, భూమి లేక సాగు చేసేవాడికీ మధ్య దూరమూ పెరుగుతుంది. రేపు మరో మహమ్మారి రానీ, తుపాను రానీ, ధర పడిపోనీ, సాయం ఈ-క్రాప్‌లో ఉన్న వేలిముద్ర వెంట పోవాలి. చట్టంలో యజమాని సంతకానికి బదులు, ఊరి సభ ముందు విచారించి సచివాలయమే ధ్రువీకరించే మార్గం పెట్టాలి. ఎవరి చేను ఎవరు చేస్తున్నారో ఊరికి తెలియని రహస్యం కాదు.

చట్టం మారేదాకా చేయగలిగింది కూడా కొంత ఉంది. గుత్తకు చేసే అన్నలూ, అక్కలూ, విత్తనం వేసిన వెంటనే ఈ-క్రాప్‌లో మీ పేరే పడేట్టు చూసుకోండి. వేలిముద్ర వేసిన తర్వాత రసీదు అడిగి తీసుకోండి. యజమాని పేరు మీద నమోదైతే బీమా కూడా మీకు రాదు. భూమి ఇచ్చిన పెద్దలకు నా విన్నపం ఒక్కటే. పంట సాగుదారు హక్కు పత్రం గడువు పదకొండు నెలలు. అది పంట మీద హక్కే గానీ భూమి మీద కాదని చట్టంలోనే రాసి ఉంది. మీ పాస్‌పుస్తకం మీదే ఉంటుంది, మీ పేరు రికార్డులో అట్లాగే ఉంటుంది. వచ్చే ఉగాదికి గుత్త మాట తేలిన రోజునే, ఊరి రెవెన్యూ అధికారి దగ్గరికి ఇద్దరూ కలిసి పోయి ఆ సంతకం పెట్టి రండి.